ఉప్పలపాడులో పక్షులు చూసేవాళ్లతో పరిచయం పెంచుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కర్నూలు నుంచి గుంటూరుకు బదిలీ మీద వచ్చారు. బ్యాంకు, ఇల్లు తప్ప ఊళ్లో పెద్దగా పరిచయాలు లేవు. పొద్దున్నే డాబా మీద నుంచి పిట్టల్ని చూడటం అలవాటైంది. ఒక ఆదివారం గుంటూరు దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడు చెరువుకు వెళ్తే అక్కడ పెద్ద పెద్ద కెమెరాలతో ఒక గుంపు కనిపించింది. అందరూ ఎప్పటినుంచో తెలిసినవాళ్లలా ఉన్నారు. మీరు దూరంగా నిలబడి కాసేపు చూసి వచ్చేశారు. కెమెరా లేదు, బైనాక్యులర్ లేదు, పక్షుల పేర్లు రావు. అలాంటివాళ్లు నన్ను కలుపుకుంటారా, ఎలా మొదలుపెట్టాలి, తొమ్మిదేళ్ల బాబును కూడా తీసుకెళ్లవచ్చా అని అడిగారు.

కలుపుకుంటారు. ఈసారి వెళ్లినప్పుడు, ఎవరైనా కెమెరా కిందికి దించాక పక్కకు వెళ్లి "ఇవాళ ఏమేం కనిపించాయండీ?" అని అడగండి. పరిచయం చేసుకోవడానికి అంతకు మించిన మాట అక్కర్లేదు. ఎవరు మీరు, ఏం చేస్తారు, ఎక్కడుంటారు అనేవి తర్వాతెప్పుడో వస్తాయి. నాతో ఏళ్ల తరబడి ఉప్పలపాడు కట్ట మీద నిలబడినవాళ్లలో కొందరి ఇంటిపేరు నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఎవరికి ఏ పక్షి అంటే ప్రాణమో మాత్రం తెలుసు.

నేను మంగళగిరి దగ్గర ఒక స్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. చలికాలం వస్తే నా ఆదివారాలు చాలావరకు ఉప్పలపాడులోనో, కృష్ణ ఒడ్డునో గడిచిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్లు మీలాగే దూరంగా నిలబడటం ఎన్నోసార్లు చూశాను. వాళ్లను పిలిచి పక్కన నిలబెట్టుకున్నవాళ్లనీ చూశాను. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ముందు ఆ కెమెరా గుంపు సంగతి. మీరు చూసినప్పుడు వాళ్లు పలకరించకపోవడానికి పొగరు కారణం కాదు. గూడబాతు (పెలికాన్) రెక్కలు చాచి నీళ్ల మీదికి దిగే క్షణం కోసం కొందరు అరగంట అలాగే కన్ను ఆనించి నిలబడతారు. అప్పుడు ఇంట్లోవాళ్లు పిలిచినా పలకరు. ఆ పక్షి దిగిపోయాక చూడండి, అదే మనిషి తనంతట తానే మీ వైపు తిరిగి కెమెరా వెనక తెర చూపిస్తూ "ఎలా వచ్చిందో చూడండి" అంటాడు. పక్షుల్ని చూసేవాళ్లకు ఎదురుగా ఉన్నవాళ్లకు చూపించకపోతే చూసినట్టే ఉండదు. మన పని ఆ సమయం కనిపెట్టి అడగడమే.

ఇంకో విషయం. ఉప్పలపాడు లాంటి చోటు కొత్తవాళ్లకు చాలా అనుకూలం. అడవిలో అయితే అడుగు చప్పుడు కాకుండా ఒకరి వెనక ఒకరు నడవాలి, మాట్లాడితే పిట్ట ఎగిరిపోతుంది, పక్కవాళ్లు చూపించేలోపే ఆకుల్లో కలిసిపోతుంది. కొండపల్లి అడవి వైపు మొదటిసారి వెళ్లినవాళ్లు తెల్లారి నుంచి ఎండెక్కే దాకా నడిచినా ఒకరితో ఒకరు నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేరు. ఉప్పలపాడులో ఆ ఇబ్బంది లేదు. ఊరి చెరువు మధ్యలో సర్కారు తుమ్మ చెట్ల మీద పక్షులన్నీ గుంపుగా గూళ్లు పెట్టుకుని ఉంటాయి. అవి ఎక్కడికీ పోవు. వాటి గోలే అంత ఉంటుంది కాబట్టి కట్ట మీద మామూలు గొంతుతో మాట్లాడుకుంటే వాటికేమీ కాదు. ఒకే పక్షిని పదిమంది పది నిమిషాల సేపు చూడవచ్చు. అందుకే ఇక్కడ మొదలైన స్నేహాలు ఎక్కువ.

పొద్దున కంటే సాయంత్రం వెళ్లండి. ఫోటోలు తీసేవాళ్లు వెలుతురు కోసం తెల్లవారుజామునే వస్తారు, ఎవరి పనిలో వాళ్లుంటారు. సాయంత్రం నాలుగున్నర దాటాక వాతావరణమే వేరు. పొలాలకూ, కాలువలకూ మేతకు వెళ్లిన పక్షులు తిరిగి రావడం మొదలవుతుంది. ముందు నత్తగుల్ల కొంగలు (ఓపెన్ బిల్ స్టార్క్), తర్వాత తెల్లకంకణాయిలు (వైట్ ఐబిస్) వరసలు కట్టి, నీటికాకులు గుంపులుగా. చలికాలంలో వీటికి తోడు గులాబీ గోరింకలు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లల్ని చేసుకుని మన దగ్గరికి చలికాలం గడపడానికి వచ్చే ఈ గోరింకలు పగలంతా జొన్న చేలల్లో, చెట్ల మీద తిరిగి, పొద్దుగూకే వేళకు వేలకు వేలుగా ఒకచోట చేరతాయి. ఆకాశంలో గుంపంతా ఒక్కసారి ఇటు తిరుగుతుంది, అంతలోనే అటు తిరుగుతుంది. అప్పుడు కట్ట మీద ఉన్న ఎవరూ కెమెరాలో చూడరు, అందరూ తలెత్తి మామూలుగానే చూస్తారు. పక్కన ఉన్నది తెలిసినవాళ్లా తెలియనివాళ్లా అని లేకుండా "అదిగో, అటు!" అని చేత్తో తట్టి చూపిస్తారు. మీకు అప్పటిదాకా ఎవరూ పరిచయం కాకపోయినా, ఆ పది నిమిషాల్లో అవుతారు.

సీజన్ అక్టోబరు నుంచి మార్చి దాకా. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పక్షులూ ఎక్కువ, మనుషులూ ఎక్కువ.

ఇక పేర్లు రావన్నారు. రాకపోవడమే మంచిదని నేను మొహమాటానికి అనడం లేదు. మాట కలవడానికి ప్రశ్న కావాలి, పేర్లన్నీ వచ్చినవాళ్ల దగ్గర ప్రశ్న ఉండదు. ఒక ఉదాహరణ చెబుతాను. రెండు మూడు సీజన్ల క్రితం గుంటూరు నుంచి ఒక నర్సు వచ్చేది. కట్ట మీద నిలబడ్డ ఒక పెద్దాయన్ని, "నత్తగుల్ల కొంగకు ముక్కు మధ్యలో సందు ఉంటుందని చెప్పారు కదా, మరి ఆ రెండింటికీ లేదేం?" అని అడిగింది. అక్కడ ఉన్నవాళ్లందరం బైనాక్యులర్లు అటు తిప్పాం. నిజమే, రెంటికీ ముక్కు మూసుకున్నట్టే ఉంది. అవి ఆ ఏడాది పిల్లలు. నత్తగుల్ల కొంగ పిల్లలకు ఆ సందు పుట్టుకతో రాదు, పెద్దవుతున్న కొద్దీ ఏర్పడుతుంది. ఆ సంగతి ఆ గుంపులో సగం మందికి తెలియదు, ఏళ్ల తరబడి ఆ కొంగల్నే చూస్తున్నా. పెద్దాయన అప్పటికప్పుడు నోట్‌బుక్కులో రెండు ముక్కులూ బొమ్మ గీసి చూపించారు. ఆ సీజన్ అంతా ఆ అమ్మాయి రాగానే "ఇవాళ ఏం అడుగుతావమ్మా?" అనేవాళ్లు. ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ ముక్కు సంగతి చెప్పేది ఆమే.

ఎర్రకాళ్ల కొంగల (పెయింటెడ్ స్టార్క్) విషయంలోనూ ఇదే. పెద్దవాటికి పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు, చూడగానే గుర్తుపట్టవచ్చు. వాటి పిల్లలు మాత్రం మట్టి రంగులో, వెలిసిపోయినట్టు ఉంటాయి. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ అది వేరే పక్షి అనుకుంటారు. మీరూ అనుకోండి, అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఇష్టం లేని బర్డ్‌వాచర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

అలాగే ఎవరైనా చూపిస్తున్నప్పుడు కనిపించకపోతే కనిపించిందని అనకండి. మర్యాద కోసం చాలామంది తల ఊపేస్తారు. చింతవక్క (నైట్ హెరాన్, రాత్రి తిరిగే కొంగ) పగలంతా తుమ్మ కొమ్మల్లో ముడుచుకుని కూర్చుంటుంది, బూడిద రంగు కాబట్టి తొందరగా కంటికి ఆనదు. "నాకు కనిపించలేదండీ, ఇంకోసారి చెప్పండి" అంటే చూపించేవాళ్లకు కోపం రాదు, పట్టుదల వస్తుంది. "నీళ్లలోకి వంగిన ఎండు కొమ్మ ఉంది కదా, దాని వెంటే పైకి రండి, రెండుగా చీలింది చూడండి, ఎడమ చీలిక, అక్కడ తెల్లటి రెట్ట మరక, దానికి జానెడు పైన, ఎర్రటి కన్ను..." అని దారి చెప్పినట్టు చెబుతారు. కొందరు గడియారం లెక్కలో చెబుతారు: చెట్టును గడియారం అనుకుంటే పన్నెండు పైన, మూడు కుడివైపు, తొమ్మిది ఎడమవైపు. మీరు కూడా ఒకటి రెండుసార్లకే నేర్చుకుంటారు. చివరికి ఆ ఎర్రటి కన్ను మీకు దొరికి "ఆఁ, కనిపించింది!" అన్నప్పుడు, చూపించినవాళ్ల మొహం చూడండి. వాళ్లు ఆ పక్షిని ఎన్నిసార్లు చూసి ఉంటారో, అయినా మీకంటే వాళ్లకే ఎక్కువ సంతోషం.

బైనాక్యులర్ గురించి. మొదటి సీజన్ కొనకండి. అడిగితే ఇస్తారు, చాలాసార్లు అడగకుండానే ఇస్తారు. ఇచ్చినప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. తీసుకోగానే ముందు పట్టీ మెడలో వేసుకోండి, అది చూసే ఇచ్చినవాళ్ల మనసు కుదుటపడుతుంది. రెండు గొట్టాల మధ్య ఎడం మీ కళ్లకు సరిపోయేలా దగ్గరికో దూరానికో జరుపుకోండి. మధ్యలో ఉన్న చక్రం తిప్పితే చూపు తేటపడుతుంది. కుడి కంటి దగ్గర ఉండే చిన్న చక్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అది వాళ్ల కంటికి సరిచేసి పెట్టుకున్నది. మీకు కళ్లద్దాలు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి తిప్పి చూడాలి, లేకపోతే చుట్టూ నల్లగా కనిపిస్తుంది. ముందు ఉత్త కళ్లతో పక్షి మీద చూపు నిలిపి, చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. ఇలా చేయకపోతే ఆకాశంలో వెతుక్కుంటూ ఉండిపోతారు. రెండు నిమిషాలు చూసి తిరిగి ఇచ్చేయండి, మళ్లీ ఇస్తారు.

స్టాండ్ మీద టెలిస్కోప్ పెట్టి ఉంటే దాన్ని పట్టుకుని చూడకూడదు, చేతులు వెనక కట్టుకుని కన్ను మాత్రమే ఆనించాలి. వేలు తగిలినా పక్షి పక్కకు జరిగిపోతుంది, వెనక వరసలో ఉన్నవాళ్లకు మళ్లీ వెతకాలి.

కొనాలనిపించినప్పుడు ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉండేది తీసుకోండి, డబ్బా మీద 8 ఇంటూ 42 అని రాసి ఉంటుంది. పది రెట్లు, పన్నెండు రెట్లు అని మోజుపడితే చేయి వణికి బొమ్మ నిలవదు. కొనే ముందు కట్ట మీద నలుగురివీ తీసుకుని చూడండి. అది కూడా మాట కలపడానికి మంచి దారి, తమ బైనాక్యులర్ కథ చెప్పమంటే చెప్పనివాళ్లు ఉండరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. అక్కడ మనం అందరం అతిథులం. ఇల్లుగలవాళ్లు ఉప్పలపాడు ఊరివాళ్లు. అది అడవి మధ్యలో ఉన్న కేంద్రం కాదు, ఊరిని ఆనుకుని ఉన్న చెరువు. ఆ నీళ్లను తాము వాడుకునే తీరు మార్చుకుని పక్షులకు వదిలిపెట్టినవాళ్లు ఆ ఊరి జనం. వాసన భరించారు, రాత్రీ పగలూ గోల భరించారు. గూడబాతు ఈ రోజు ప్రపంచంలో దక్షిణాసియాలోనూ, ఆగ్నేయాసియాలో అక్కడక్కడా తప్ప పెద్దగా లేదు. అలాంటి పక్షి గుంటూరుకు ఎనిమిది పది కిలోమీటర్ల దూరంలో, ఇళ్ల పక్కన గూడు కడుతోందంటే ఆ జనం వల్లే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే, అక్కడ ఆ పక్షుల్ని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, అవి వస్తేనే వానలు పడి పంటలు పండుతాయని నమ్ముతారు.

అందుకని వెళ్లగానే తిన్నగా కట్ట ఎక్కేయకుండా, దారిలో కనిపించిన పెద్దవాళ్లను పలకరించండి. "ఈ ఏడు పక్షులు బాగా వచ్చాయా బాబాయ్? నీళ్లు సరిపోయాయా?" అని అడగండి. కెమెరావాళ్లకు తెలియని సంగతులు వాళ్లు చెబుతారు: మొదటి గూడబాతు ఏ వారంలో దిగింది, ఏ గాలివానకు ఏ చెట్టు గూళ్లు పడిపోయాయి, కింద పడిన పిల్లను ఎవరు ఎత్తి గట్టుకు చేర్చారు. ఒక రైతు నాతో, నత్తగుల్ల కొంగలు తమ వరి మడుల్లో దిగితే తోలరని చెప్పాడు. అవి నత్తల్ని ఏరుకు తింటాయి, నత్త లేత నారును కొరికేస్తుంది. ముక్కులో ఆ సందు నత్తను పట్టుకోవడానికే పనికొస్తుందని నేను క్లాసులో చెబుతాను, ఆయన పొలం గట్టు మీద కూర్చుని చూసి చెప్పాడు. మీ స్నేహాలు బైనాక్యులర్లు ఉన్నవాళ్లతోనే ఆగిపోకూడదని నా కోరిక.

ఊళ్లో కార్లు అడ్డదిడ్డంగా పెట్టడం, ఇళ్ల ముందు నిలబడి గట్టిగా మాట్లాడటం, అడగకుండా మనుషుల ఫోటోలు తీయడం, టిఫిన్ పొట్లాల కాగితాలు గట్టు మీద వదిలేయడం, ఇవి చేసే గుంపు మీకు ఎదురైతే వాళ్లతో కలవకండి. మీరు వచ్చిన కొత్తలో ఎవరితో కనిపిస్తే ఊరివాళ్లు మిమ్మల్ని కూడా వాళ్లతోనే జమ కడతారు.

మరొకటి, దీని మీద నేను గట్టిగా ఉంటాను. కొందరు ఫోటోలో పక్షులు ఎగురుతున్నట్టు రావాలని చప్పట్లు కొడతారు, రాయి విసురుతారు. ఈమధ్య డ్రోన్ ఎగరేయబోయినవాళ్లు కూడా ఉన్నారు. గూళ్లలో గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఉంటాయి. తల్లి లేస్తే ఎండకు గుడ్డు వేడెక్కిపోతుంది, కాకులు, గద్దలు దాని కోసమే కాచుకుని ఉంటాయి. పెద్ద పక్షులు ఒక్కసారిగా లేచేటప్పుడు తొక్కిసలాటలో పిల్లలు కింద నీళ్లలో పడిపోతాయి. మనం ఉన్నచోట ఎవరైనా ఇలా చేస్తుంటే ఊరుకోకూడదు. అయితే గద్దిస్తే గొడవ అవుతుంది. "అన్నా, ఆ గూట్లో పిల్లలున్నాయి, కాకి చూస్తోంది, ఒక పది నిమిషాలు ఆగితే వాటంతట అవే లేస్తాయి, నేను చూపిస్తాను" అని పక్కకు వెళ్లి నెమ్మదిగా చెబితే చాలామంది వింటారు. అలా విన్న ఒక కుర్రాడు ఇప్పుడు మా అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాడు. వినకపోతే అక్కడి అటవీ శాఖ సిబ్బందికి చెప్పండి, మీరొక్కరే వాదన పెట్టుకోవద్దు.

మీరు ఒంటరిగా వెళ్లడం గురించి నేరుగా అడగలేదు కానీ, మీ మాటల్లో ఆ టెన్షన్ కనిపించింది. ఆదివారం సాయంత్రం అయితే కుటుంబాలు, పిల్లలు, కాలేజీ అమ్మాయిలు చాలామంది ఉంటారు. మొదటి ఒకటి రెండు సార్లు ఆఫీసులో ఎవరినైనా వెంట తీసుకెళ్లండి, పక్షుల మీద ఆసక్తి లేకపోయినా ఫరవాలేదు. గోరింకలు దిగేసరికి చీకటి పడుతుంది కాబట్టి తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. తెలియని గుంపుతో దూర ప్రయాణాలకు మాత్రం వెంటనే ఒప్పుకోకండి. నాలుగైదు సార్లు ఇక్కడే కలిసి, ఎవరెలాంటివాళ్లో తెలిశాక వెళ్లవచ్చు. ఇది ఆడవాళ్లకే కాదు, మగపిల్లలకూ నేను ఇదే చెబుతాను.

అందరూ కలిసే రోజులు కొన్ని ఉన్నాయి, వాటిని వదులుకోకండి. అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు, పక్షుల మీద మన దేశంలో అంత పని చేసినవారు మరొకరు లేరు, ఆ చుట్టుపక్కల రోజుల్లో చాలాచోట్ల నడకలు పెడతారు. జనవరిలో నీటి పక్షుల లెక్కింపు ఉంటుంది. ఇది 1987 నుంచి ఆసియా దేశాల్లో జరుగుతోంది, చెరువులకు, సరస్సులకు వెళ్లి లెక్క రాస్తారు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడుతుంది, మన దేశం 2013 నుంచి అందులో ఉంది. దీనికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఉన్నచోటే కనీసం పదిహేను నిమిషాలు చూసి, కనిపించినవన్నీ రాసి, ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కిస్తే సరిపోతుంది. కళాశాలల్లో పిల్లలు జట్లుగా చేస్తారు.

లెక్కింపు రోజున కొత్తవాళ్లకు గొప్ప లాభం ఒకటి ఉంది. ఆ రోజు చేతులు తక్కువ పడతాయి. ఒకరు చూస్తారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు రాయాలి. పేర్లు తెలియనివాళ్లకు రాసే పని ఇస్తారు. బ్యాంకులో పనిచేసే మీకు లెక్క తప్పదు కదా, మిమ్మల్ని వదలరు. ఒక పూట అలా రాస్తే పేర్లు వాటంతట అవే నోటికి వస్తాయి. సాయంత్రానికి ఆ జట్టులో మీరు ఒకరు. ఈబర్డ్‌లో ఒకరు రాసిన జాబితాను వెంట ఉన్నవాళ్లందరికీ పంచుకునే వీలుంది. ఎవరైనా "మీకూ షేర్ చేయనా?" అని మెయిల్ ఐడీ అడిగితే, మిమ్మల్ని కలుపుకున్నట్టే.

మీరు రాసినదాంట్లో ఒక చిన్న సంగతి నాకు బాగా నచ్చింది. మీ డాబా పక్క వేప చెట్టు మీద పొద్దున్నే "టుక్ టుక్" మని ఆగకుండా కొడుతున్నట్టు వినిపించే ఆకుపచ్చ పిట్ట, నుదుటి మీద ఎర్ర బొట్టు ఉంటుందన్నారు. అది కంసాలి పిట్ట. ఎండుకొమ్మ కింది వైపు గుండ్రంగా తొలిచిన చిన్న కన్నం ఉందేమో చూడండి, గూడు అందులోనే పెడుతుంది. ఉన్నా ఫోన్ పట్టుకుని దగ్గరికి వెళ్లకండి, దూరం నుంచే రోజూ ఏ వేళకు వస్తోందో రాసుకోండి. ఉప్పలపాడులో మాట్లాడటానికి మీ దగ్గర ఏమీ లేదని మీరు అనుకుంటున్నారు. కానీ రోజూ ఒకే చెట్టును చూసేవాళ్లు మా గుంపులో తక్కువ. చెరువుల వెంట తిరిగేవాళ్లకు ఊరి మధ్య వేప చెట్టు మీద ఏం జరుగుతుందో తెలియదు. ఆ సంగతే చెప్పండి, చుట్టూ మూగి వింటారు.

వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు మిమ్మల్ని చేరుస్తారు. చేరాక పక్షి ఫోటో పెట్టి "ఇదేంటి?" అని అడిగేటప్పుడు ఎక్కడ, ఎప్పుడు చూశారో రాయండి, అది లేకపోతే తెలిసినవాళ్లు కూడా చెప్పలేరు. గుడ్లగూబ గూడు ఎక్కడుందో మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టవద్దు. దీపావళి దగ్గర పడితే క్షుద్రపూజల కోసం వాటిని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. ఇంట్లో రామచిలుకను పంజరంలో పెట్టుకుని ఆ ఫోటో పెట్టేవాళ్లూ ఉంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమని చాలామందికి తెలియదు, పైగా ఇప్పుడు అది మన రాష్ట్ర పక్షి. అలాంటప్పుడు గ్రూపులో అందరి ముందూ కాకుండా విడిగా చెప్పడం మేలు.

అందరూ ఒకేలా ఉంటారని చెప్పను. ఎన్ని జాతులు చూశామనే లెక్క తప్ప మరో మాట లేనివాళ్లు ఉంటారు. లెన్స్ పొడవును బట్టి మనిషికి విలువ ఇచ్చేవాళ్లూ అరుదుగా తగులుతారు. వాళ్ల పక్కన నిలబడి చిన్నబుచ్చుకోవద్దు, నాలుగడుగులు పక్కకు జరగండి. కట్ట పొడవుగానే ఉంది. సాధారణంగా నోట్‌బుక్ చేతిలో ఉన్నవాళ్ల దగ్గర, పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్ల దగ్గర తొందరగా మాట కలుస్తుంది.

కాస్త పరిచయాలు పెరిగాక దూరం వెళ్లవచ్చు. కొల్లేరులో కైకలూరు దగ్గరి ఆటపాక చాలా బాగుంటుంది. కొల్లేరుకు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడాల్సిన నీటి ప్రాంతంగా, గుర్తింపు వచ్చింది. అక్కడ పడవలో కూర్చుని గూడబాతుల దగ్గరగా వెళ్తారు, అలాంటిచోటికి నలుగురు కలిసి ఒక కారులో వెళ్తే ఖర్చూ కలిసొస్తుంది, దారి పొడవునా కరెంటు తీగల మీద కనిపించే పాలపిట్టలు, లకుముకి పిట్టలు, పసులపోలిగాళ్ల మీద మాటలూ నడుస్తాయి. తెల్లారకముందే బయల్దేరి దారిలో ఇడ్లీలు తిని, మధ్యాహ్నానికి ఒకరి ఇంటి పులిహోర, మరొకరి ఇంటి పెరుగన్నం పంచుకుని తినే ప్రయాణాలు అవి. తినేది గట్టుకు దూరంగా తినండి, పక్షులకు ఏమీ వేయకండి. వేస్తే ముందు కాకులు, కుక్కలు చేరతాయి. విజయవాడ వైపు పని పడితే, నీళ్లు తగ్గిన రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద కూడా సాయంత్రాలు కొందరు కనిపిస్తారు.

చివరగా, బాబును తప్పకుండా తీసుకెళ్లండి. తొమ్మిదేళ్లు మంచి వయసు. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కోవడం ఒక్కసారి చూస్తే వాడే మళ్లీ వెళ్దామంటాడు. ముదురు ఆకుపచ్చో, మట్టి రంగో చొక్కా వేయండి. గట్టు అంచుకు పోకుండా చూసుకోండి, నీళ్లు లోతు. అరవకూడదు, రాయి విసరకూడదు అనే రెండే నియమాలు ముందే చెప్పి పెట్టండి, మూడోది చెబితే పిల్లలు మొదటి రెండూ మరిచిపోతారు. చేతికి చిన్న పుస్తకం, పెన్సిలు ఇచ్చి ఒకే ఒక్క పక్షి ముక్కు బొమ్మ గీయమనండి. కట్ట మీద పిల్లలకు టెలిస్కోప్ దగ్గర ఎప్పుడూ మొదటి వంతే ఇస్తారు, ఎత్తు అందకపోతే స్టాండ్ దించమని అడగండి, దించుతారు.